ఊరి మానుతోనే ఉలి పని



కొయ్య చెక్కడం నేర్చుకోవాలని ఉంది, ఏ పనిముట్లు కొనమంటారు అని కుర్రవాళ్ళు తరచుగా అడుగుతుంటారు. అడిగేసరికే చాలామంది ఫోనులో పన్నెండు ఉలులున్న పెట్టె ఒకటి చూసి పెట్టుకుని ఉంటారు. వాళ్ళకు చెప్పే మాటే ఈ పూట మీకూ చెబుతాను. ముందు చెట్టును చూడండి. మీ ఊళ్ళో, మీ పొలం గట్టున ఏ మాను ఉంది, దాని కొయ్య మెత్తనా గట్టా, ఎండితే ఏమవుతుంది, ఇవి తెలిస్తే ఏ వస్తువు చేయాలో తేలుతుంది. వస్తువేదో తేలితే పనిముట్టు ఏదో తేలుతుంది.

తెలుగు నేల మీద కొయ్యపనికి పేరుపడిన ఊళ్ళన్నీ ఇలా చెట్టును నమ్ముకుని పైకొచ్చినవే. విజయవాడ పక్కన కొండపల్లిని తీసుకోండి. అక్కడి కొండల్లో తెల్లపొణికి పెరుగుతుంది. బరువుండదు, కత్తికి మెత్తగా తెగుతుంది. అందుకే అంబారీ ఏనుగులు, దశావతారాలు, ఎద్దులబండ్లు, తాటిచెట్టెక్కే గీత కార్మికులు ఆ ఊరి నుంచి వచ్చారు. తెలంగాణలో నిర్మల్ బొమ్మలకూ పొణికి కొయ్యే ఆధారం. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో దొరికేది అంకుడు. తెల్లగా, నున్నగా, సన్నని పోగుతో ఉంటుంది. లేతు మీద తిప్పి లక్క పూయడానికి అంతకన్నా అనువైన కొయ్య లేదు. ఆ బొమ్మలకు చెట్ల గింజలు, బెరడు, వేళ్ళ నుంచి తీసిన రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మన కృష్ణగిరి జిల్లాకు దగ్గరలో, బెంగళూరు దాటి అరవై కిలోమీటర్లు పోతే వచ్చే చన్నపట్నలో కూడా బొమ్మలకు ఇదే చెట్టు. కన్నడంలో ఆలె మర అంటారు.

నెల్లూరు జిల్లా ఉదయగిరికి వెళ్ళండి. అక్కడి కొండ అడవిలో గట్టి కొయ్యలున్నాయి. కాబట్టి అక్కడ బొమ్మలకు బదులు గరిటెలు, చెంచాలు, ఫోర్కులు పుట్టాయి. ఆ పనిలో ఆడవాళ్ళదే పెద్ద చేయి. బొబ్బిలిలో పనస మానును తొలిచి ఏకాండి వీణ చేస్తారు. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో దేవతా విగ్రహాలు, గుళ్ళకు వాహనాలు చెక్కుతారు. మన తమిళనాడులో పెరంబలూరు జిల్లా అరుంబావూరు కొయ్య శిల్పాలకు 2020లో, కళ్ళకురిచ్చి కొయ్య శిల్పాలకు 2021లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్ళు వాడే కొయ్యల్లో మామిడి, వేప, దిరిసెన ఉన్నాయి. ఈ మూడూ మన గట్ల మీద ఉన్నవే.

ఇక మన జిల్లాలోని కుందారపల్లి చుట్టుపక్కల చూద్దాం. కృష్ణగిరి జిల్లా అంటేనే మామిడి. పైరుకు మించి తోటలున్న ఊళ్ళు ఎన్నో. కోతలు ముగిశాక కొమ్మలు కత్తిరిస్తారు, ముసలి చెట్లు తీసేసి కొత్తవి నాటుతారు. ఆ కొయ్య చాలావరకు పొయ్యిల్లోకీ, ఇటుక బట్టీల్లోకీ పోతుంది. కొత్తగా నేర్చుకునేవారికి అది పెట్టుబడి లేని సరుకు. మామిడి కొయ్య మరీ మెత్తనిదీ కాదు, మరీ గట్టిదీ కాదు. ఉలికి చక్కగా లొంగుతుంది. దానికి రెండు దోషాలున్నాయి. కొట్టిన కొమ్మను వానకు వదిలేస్తే బూజు పట్టి నీలం, బూడిదరంగు చారలు వస్తాయి. పుచ్చు పురుగూ తొందరగా పడుతుంది. కాబట్టి కొట్టిన వారంలోనే చీల్చి నీడకు చేర్చాలి. పచ్చి మామిడి జీడి కొందరి చేతికి పడదు, దురదపెట్టి పొక్కులు వస్తాయి. అలాంటివారు బాగా ఎండిన చెక్కనే ముట్టుకోవాలి.

మామిడికన్నా సుళువైనది గుమ్మడి టేకు. తమిళంలో కుమిళ్ అంటారు, కన్నడంలో శివని అంటారు. మిల్లులో ఏ పేరు చెప్పినా అర్థమవుతుంది. లేత పసుపు రంగు, తేలిక, ఎండాక వంగదు, పగలదు. యూరపులో కొత్తవారికి లిండెన్, అమెరికాలో బాస్‌వుడ్ ఇస్తారు. ఆ స్థానంలో మనకు ఇది సరిపోతుంది. వేప కొంచెం గట్టిది, పోగు ఒకదానికొకటి ఎదురుగా అల్లుకుని ఉంటుంది. పురుగు అంతగా దరిచేరదు. అరగదీసేటప్పుడు వేప పొడి ముక్కును మండిస్తుంది, మూతికి గుడ్డ కట్టుకోవాలి. చింత చేవ చాలా గట్టిది. మాంసం కొట్టే మొద్దుకు చింతమాను వాడేది అందుకే. దాన్ని చెక్కడానికి కాక, ఉలి మీద కొట్టే కొయ్య సుత్తికి వాడుకోండి, ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

కొన్నిటి జోలికి పోవద్దు. మునగ మెత్తగానే ఉంటుంది గానీ లోపలంతా పీచు, అంచు నిలవదు. నీలగిరి చెట్టు ఎండేటప్పుడు మెలితిరిగి పగులుతుంది. టేకులో సన్నని ఇసుక పదార్థం ఉంటుంది, కత్తి పదును తొందరగా పోగొడుతుంది, పైగా ఖరీదు. గన్నేరు విషం, దానితో వంటింటి వస్తువు ఎప్పుడూ చేయకూడదు. శ్రీగంధం సొంత పొలంలో మొలిచినా అటవీ శాఖ అనుమతి లేకుండా కొట్టకూడదు. ఎర్రచందనం మన పక్కనున్న శేషాచలం అడవుల సొత్తు, అంతర్జాతీయ ఒప్పందాల కింద రక్షణలో ఉన్న చెట్టు. బిల్లు లేకుండా ఎవరైనా ముక్క తెచ్చి ఇస్తానంటే వద్దనండి. సరదా కోసం అడవిని దోచేవాడికి డబ్బు అందించకూడదు.

ఇప్పుడు పనిముట్లు. కొత్తవారికి కావలసినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. రెండంగుళాల అలుగున్న చిన్న కత్తి ఒకటి. పది పన్నెండు మిల్లీమీటర్ల వెడల్పున్న ఉలులు రెండు, ఒకటి చదును అంచుది, ఒకటి గోటి వంపు తిరిగినది. చేతి రంపం, కొయ్య సుత్తి, ముక్కను బల్లకు బిగించడానికి ఇనుప బిగింపు, సానరాయి, తోలు ముక్క. ఇంతే. వి ఆకారపు ఉలి, వంకీ కత్తి లాంటివి పని పెరిగినకొద్దీ ఒక్కొక్కటే తెచ్చుకోవచ్చు.

ఇవన్నీ దుకాణంలోనే కొనాలని లేదు. హొసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడ చుట్టూ ఉన్న వర్క్‌షాపుల్లో అరిగిపోయిన పవర్ హ్యాక్సా బ్లేళ్ళు పారేస్తుంటారు. మంచి ఉక్కు అది. గ్రైండరు మీద నీళ్ళు చల్లుకుంటూ ఆకారానికి తెచ్చుకుంటే పదును చాలాకాలం నిలిచే చెక్కుడు కత్తి అవుతుంది. లారీ కమాను పట్టీని కొలిమిలో సాగదీసి కొడవలి చేసే కమ్మరి మీకు ఉలి కూడా చేసిపెట్టగలడు. ఎంత వెడల్పు, ఎంత వంపు కావాలో అట్టముక్క కత్తిరించి చూపించండి. ఆయనకు పని దొరుకుతుంది, మీకు చేతికి సరిపోయే పనిముట్టు దొరుకుతుంది.

పనిముట్టు ఎంత మంచిదైనా పదును లేకపోతే వృథా. కొయ్యపని సరదాగా మొదలుపెట్టి మానేసినవారిని గమనించాను. ఎక్కువమంది మొద్దు కత్తితో కుస్తీ పట్టి విసిగి మానేసినవారే. అందుకని పదును పెట్టడం గురించి కాస్త వివరంగా చెబుతాను.

సానరాయిని నీళ్ళలో తడిపి, కదలకుండా తడిగుడ్డ మీద పెట్టండి. కత్తి అలుగును రాయి మీద పడుకోబెట్టి, వెన్ను కొద్దిగా లేపండి. పదిహేను నుంచి ఇరవై డిగ్రీల వాలు చాలు. అదే వాలు చివరిదాకా నిలపడమే ఇందులో ఉన్న కష్టమంతా. ముందు 400 నంబరు గరుకు మీద ఒక పక్క రాయండి. అంచుకు రెండో పక్కన వేలితో అడ్డంగా తడిమితే సన్నని ఇనుప పొర తగులుతుంది. ఆ పొర మడమ నుంచి మొన దాకా ఒకేలా వచ్చిందంటే ఆ పక్క అయినట్టు. అప్పుడు రెండో పక్క. తరువాత 1000 నంబరు మీద ఇదే వరస. చివరికి పాత బెల్టు తోలును చెక్కకు అంటించి, ఇనుము మెరుగుపెట్టే ఆకుపచ్చ పాలిష్ రుద్ది, కత్తిని వెన్ను వైపుకు మాత్రమే లాగండి. ముందుకు తోస్తే తోలు తెగుతుంది. పదును వచ్చిందా లేదా అన్నది మెత్తని చెక్క కొనను అడ్డంగా కోసి చూడండి. కోసిన చోట గీతలు లేకుండా నిగనిగలాడితే వచ్చినట్టు. పనిలో ఉన్నప్పుడు పావుగంటకోసారి తోలు మీద పది లాగుళ్ళు లాగుతుంటే మళ్ళీ రాయి దాకా పోవలసిన పని చాలా రోజులుండదు.

పదును తరువాత వాటం. చెట్టులో పోగులు వేరు నుంచి కొమ్మకు పారుతాయి. చెక్క పక్కవైపు చూస్తే ఆ గీతలు ఒకవైపుకు వాలి కనిపిస్తాయి. వాలు వెంబడి కత్తి నడిపితే పొర చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది, కింద నున్నగా ఉంటుంది. ఎదురు వాటంలో నడిపితే కత్తి లోపలికి దిగబడుతుంది, చెక్క చీలి పెళ్ళ ఊడివస్తుంది. అలా దిగబడినప్పుడు బలం పెంచకూడదు, ముక్కను తిప్పి అవతలి నుంచి రావాలి. వంపు ఉన్న చోట గుర్తు పెట్టుకోవలసింది ఒకటే. ఎత్తు నుంచి పల్లానికి చెక్కాలి. గరిటె మెడ దగ్గర రెండు పక్కల నుంచీ మెడ వైపుకు దిగాలి. గిన్నె భాగంలో అంచు నుంచి అడుగుకు దిగాలి. ఈ ఒక్క సూత్రం చేతికి వస్తే సగం విద్య వచ్చినట్టే.

మొదటి వస్తువుగా ఏది చేయాలి? అందరూ ఏనుగునో వినాయకుణ్ణో అనుకుంటారు. నా సలహా వేరు. రాగి సంగటి కెలికే కట్టె చేయండి. మన ప్రాంతంలో సంగటి వండని ఇల్లు తక్కువ. ఇంట్లో రోజూ చేతికి వచ్చే వస్తువు చేస్తే, అందులో తప్పొప్పులు అమ్మో అవ్వో వెంటనే చెబుతారు. పిడి లావైందా, అంచు గుచ్చుకుంటోందా, అడుగు అంటుతోందా అన్నది పొయ్యి దగ్గరే తేలుతుంది. స్వీడన్‌లో నాస్ అనే చోట ఓటో సాలమన్ 19వ శతాబ్దం చివరి భాగంలో ఉపాధ్యాయులకు చెక్కపని నేర్పే విద్యాలయం నడిపాడు. పిల్లలు చేసేది ఇంట్లో పనికొచ్చే వస్తువై ఉండాలన్నది ఆయన పద్ధతి. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని కేంద్రంగా చదువు చెప్పాలని ప్రతిపాదించినప్పుడూ పనికొచ్చే వస్తువుకే పెద్దపీట వేశారు. చేసినది వాడకంలోకి వచ్చినప్పుడే చేతికి గౌరవం పెరుగుతుంది.

సరే, కట్టె ఎలా చేయాలి? చేతిమణికట్టంత లావున్న వేపకొమ్మను తీసుకోండి. కన్నులు లేని తావు చూసి రెండడుగులు కోయండి. పచ్చిగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి, పచ్చి వేప మెత్తగా తెగి ఎండాక గట్టిపడుతుంది. కొడవలిని కొన మీద ఆనించి సుత్తితో కొట్టి కొమ్మను నిట్టనిలువునా చీల్చండి. నడుమ ఉండే మెత్తని బెండును చెక్కి తీసేయండి. అది ఉంటే కట్టె తప్పకుండా పగులుతుంది. కొయ్య ఎండేటప్పుడు వలయాల వెంబడి కుంచించుకోవడం, గుండె వైపుకు కుంచించుకునేదానికి సుమారు రెట్టింపు ఉంటుంది. గుండ్రని దుంగ అందుకే అంచు నుంచి లోపలికి నోరు తెరుస్తుంది. చీల్చిన చెక్కకు ఆ లాగుడు తగ్గుతుంది.

చీల్చిన ముఖం మీద పెన్సిలుతో ఆకారం గీసుకోండి. అడుగున చెక్క వెడల్పంతా వచ్చే తెడ్డు, పైన గుప్పిటకు సరిపోయే పిడి. మెడ మొదలయ్యే చోట రెండు పక్కలా రంపంతో గీత దాకా కోత పెట్టండి. చీలిక పొరపాటున తెడ్డులోకి పాకితే ఆ కోత దగ్గర ఆగిపోతుంది. పిడి పక్కలను ముందు చదునుగా, తరువాత ఎనిమిది పలకలుగా, ఆపైన ఆ పలకల అంచులు తీస్తూ గుండ్రంగా చేయండి. నేరుగా గుండ్రం చేయబోతే ఒకవైపు లావు, ఒకవైపు సన్నం వస్తుంది. తెడ్డు అంచును పలచగా, మొనను కొద్దిగా వంపుగా తీయండి, గిన్నె అడుగు మూలలకు అందుతుంది. చివరి పొరలు తీసేటప్పుడు పిడిని రొమ్ము వైపు ఉంచి, కత్తి పట్టిన చేతి బొటనవేలిని చెక్కకు ఆనించి, మామిడికాయ తొక్క తీసేటప్పుడు తిప్పినట్టు కొద్దికొద్దిగా లాగాలి. ఆ బొటనవేలికి తోలు తొడుగు తప్పనిసరి.

చెక్కడం ముగిశాక తొందరపడి ఎండలో పెట్టకండి. చెక్కిన పొట్టుతోనే కాగితం సంచిలో వేసి నీడలో ఉంచితే రెండు మూడు వారాల్లో నిదానంగా ఎండుతుంది. ఆ తరువాత 120, 220, 320 నంబర్ల ఉప్పు కాగితంతో వరసగా రుద్దండి. ఒకసారి తడిపి ఆరనిస్తే పోగులు లేచి నిలబడతాయి. వాటిని మళ్ళీ రుద్దితే ఇక లేవవు. నూనె పట్టించాలంటే పచ్చి అవిసె నూనె వాడండి. గాలికి గట్టిపడి పొర కడుతుంది. రంగుల అంగట్లో దొరికే మరిగించిన అవిసె నూనెలో తొందరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు, వంట సామానుకు అది వద్దు. శనగనూనె గట్టిపడదు, కొన్నాళ్ళకు ముక్కవాసన పట్టుకుంటుంది.

కత్తితో పని కాబట్టి జాగ్రత్తలు వినండి. కూర్చున్నప్పుడు మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, ముక్కను మోకాళ్ళకు అవతల పట్టుకోండి. తొడల నడుమ కత్తి నడపకూడదు, అక్కడ పెద్ద రక్తనాళం ఉంది. ఉలితో చేసేటప్పుడు ముక్క బల్లకు బిగించి, రెండు చేతులూ అంచుకు వెనకాలే ఉండాలి. చేయి చాపినంత దూరంలో ఎవరూ, ముఖ్యంగా బిడ్డలు, ఉండకూడదు. అలిసినప్పుడు ఆపేయాలి. తగిలే గాయాల్లో ఎక్కువ భాగం మొద్దు కత్తి మీద బలం పెట్టినప్పుడూ, అలిసిపోయినప్పుడూ తగిలేవే.

కట్టె తరువాత గరిటె, ఆ తరువాత పలక మీద ఎత్తు చెక్కడం. అంగుళం మందం మామిడి పలక మీద పద్మం గీసి, చుట్టూ నేల నాలుగైదు మిల్లీమీటర్లు లోతుకు దించితే పువ్వు పైకి లేస్తుంది. మన పాత ఇళ్ళ ద్వారబంధాల మీద పద్మాలు, చిలకలు, తీగలు ఉంటాయి. వాటి మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది నమూనాలు తీసుకోండి. ఆ ఇళ్ళు పడగొట్టేలోపే తీసుకుంటే ఊరి పనితనం మీ చేతిలో నిలుస్తుంది. హొసూరు చంద్రచూడేశ్వరస్వామి కొండకు పోయినా, తేరు బయటికి వచ్చినప్పుడు చూసినా, లోతు ఎంత, నీడ ఎలా పడుతోంది అని నిలబడి పరిశీలించండి.

బొమ్మల దాకా వచ్చినవారు కొండపల్లివారి పద్ధతి పాటించవచ్చు. వాళ్ళు బొమ్మంతా ఒకే దిమ్మలో తొలవరు. కాళ్ళు, చేతులు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొడి కలిపిన మక్కుతో అతికిస్తారు. అతుకులు దానితోనే నునుపు చేసి, సున్నం పూత వేసి రంగులు దిద్దుతారు. ఒక చేయి చెడితే బొమ్మంతా పారేయనక్కరలేదు, ఆ చేయి ఒక్కటే మళ్ళీ చెక్కుకోవచ్చు. చింతగింజలకు మన దగ్గర కొదవేముంది?

ఈ సరదా ముదిరి చదువుగా నేర్చుకోవాలనిపిస్తే దారులు ఉన్నాయి. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం 1960లో పెట్టిన సంప్రదాయ శిల్ప విద్యాసంస్థలో రాతి, లోహ శిల్పాలతో పాటు కొయ్య శిల్పమూ నేర్పుతారు. మహాబలిపురంలో తమిళనాడు ప్రభుత్వ శిల్ప కళాశాల ఉంది. అంత దూరం పోలేనివారికి ఊళ్ళోని వడ్రంగే మొదటి గురువు. ఆయన దగ్గర కూర్చుని ఒక పూట బాడిస పట్టే తీరు, చిత్రిక నడిపే తీరు చూస్తే పుస్తకం చెప్పలేనిది తెలుస్తుంది. పని ఆపి చూపించినందుకు ఆ పూట కూలి ఇవ్వడం మన బాధ్యత.

తెల్లపొణికి కొరత పడితే కొండపల్లి పని కుంటుపడుతుంది, అంకుడు కొరత పడితే ఏటికొప్పాక లేతులు ఆగుతాయి. అక్కడివారు ఆ చెట్లు నాటుకోవలసిన అవసరం అందుకే వచ్చింది. చెక్కేవాడికి నాటే బాధ్యత కూడా ఉంది. మీరు ఒక మామిడి కొమ్మ చెక్కితే పొలం గట్టున ఒక గుమ్మడి టేకు మొక్క నాటండి. అది పదేళ్ళలో మీ బిడ్డ చేతికి దిమ్మ అవుతుంది.

ఈ వారం చేయవలసింది చెబుతాను. ఇంట్లో ఉన్న చిన్న కత్తికి పదును పెట్టండి. తోటలో పారేసిన కొమ్మ ఒకటి చీల్చి, కొనలకు మైనమో పాత పెయింటో పూసి, తేదీ రాసి నీడకు చేర్చండి. మరో పచ్చి ముక్క మీద వాటం చూస్తూ పొరలు తీయడం అలవాటు చేయండి. నెల తిరిగేసరికి మీ వంటింట్లో సంగటి మీరు చెక్కిన కట్టెతోనే కెలకాలని నా కోరిక.